రోజుకు పది నిమిషాలు

సోమవారం రెండో పీరియడ్‌లో సరిగ్గా ఆమె కిటికీ కిందే విజిల్ మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంగ్లీష్ టీచర్ చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

విసురుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద కొత్త డ్రిల్లు మాస్టారు పిల్లలను వరసల్లో నిలబెడుతున్నాడు. అతను చేరి నెల కూడా కాలేదు.

"ఇక్కడ క్లాస్ జరుగుతోందని తెలీదా? ఎవరు ఊదమన్నారు మిమ్మల్ని? ఇంత గ్రౌండ్‌లో నా కిటికీయే దొరికిందా?"

"సారీ మేడమ్! నీడ ఇక్కడే ఉంది మేడమ్!"

"నీడ కావాలంటే గొడుగేసుకోండి!"

పైనా కిందా పిల్లలు గొల్లుమన్నారు. ఆమె మాత్రం చటుక్కున నోరు మూసుకుని గోడ గడియారం వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎందుకంటే ఆమెకు మాటలు రేషన్. స్వరపేటిక మీద గడ్డ, శనివారం ఆపరేషన్. సెలవు పెట్టి నోరు మూసుకోమన్నాడు డాక్టర్. శుక్రవారం పదో తరగతికి లిజనింగ్ పరీక్ష ఉంది, పాఠం సబ్జెక్టు టీచరే చదవాలని రూలు, కుదరదంది ఆమె. బతిమాలితే చివరికి రోజుకు పది నిమిషాలు ఇచ్చాడు. అందులో రెండు ఇప్పుడు గొడుగు పాలయ్యాయి. పదేళ్ళుగా నలభై అయిదు మందిని ఒక్క కేకతో కూర్చోబెట్టిన గొంతుకు ఎలాంటి గతి పట్టింది!

మధ్యాహ్నం అతను మెడలో స్టాప్‌వాచ్‌తో స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది.

"హెడ్‌మిస్ట్రెస్ గారు చెప్పారు మేడమ్. నాకు తెలీదు. నా మీద ఎన్ని నిమిషాలు అయిపోయాయి?"

ఆమె కాగితం మీద 'రెండు' అని రాసి చూపించింది.

"అయితే ఈ వారం నేనే మీ గొంతు. మీరు రాయండి, నేను అరుస్తాను. అదొక్కటే నాకు బాగా వచ్చు."

'ఇంగ్లీష్ వచ్చా?'

"విజిల్ వచ్చినంత రాదు మేడమ్."

అబద్ధం కాదని మర్నాడే తేలింది. చచ్చిపోతున్న పిట్ట మీద పద్యాన్ని అతను ఎంత గట్టిగా చదివాడంటే, మొదటి బెంచీ పిల్లలు లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. ఆమె బోర్డు వైపు తిరిగి, భుజాలు ఊగేలా, చప్పుడు లేకుండా నవ్వింది.

"నవ్వు లెక్కలోకి రాదు మేడమ్. కానీయండి."

బుధవారం తల్లిదండ్రుల మీటింగ్. ఆమె 'శ్రద్ధ తక్కువ' అని రాస్తే అతను "మీవాడు బంగారం, కాస్త చదివితే చాలండి" అని చదివాడు. ఆమె బల్ల కింద అతని కాలు తొక్కింది. కోపంగా తొక్కానని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

గురువారం ఆసుపత్రిలో డాక్టర్ స్కాన్ చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గడ్డ పెరిగింది. పక్కన కూడా కొంత కోయాల్సి రావచ్చు. గొంతు తిరిగొస్తుందని నేను మాట ఇవ్వలేనమ్మా." అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె అక్కడి నుంచి వర్షంలో నేరుగా బడికే వచ్చింది. దిద్దాల్సిన కాంపోజిషన్ పుస్తకాలు ఇంకా ఇరవై ఉన్నాయి. ఇంటికెళితే ఏడుపొస్తుంది.

స్టాఫ్‌రూమ్‌లో అతను ఒక్కడే ఉన్నాడు. డాక్టర్ అన్నమాట ఆమె రాసిస్తే చదివి, కాగితాన్ని మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"మేడమ్, ఇదంతా జాలితో చేస్తున్నాననుకోకండి. సోమవారం మీరు తిట్టారే, అప్పటి నుంచి మళ్ళీ ఎప్పుడు తిడతారా అని చూస్తున్నాను. జీవితాంతం తిట్టినా నాకు ఇష్టమే."

ఆమె పెన్ను తీసింది, ఆగింది, రాసింది. 'జవాబు రాసివ్వను. నోటితో చెబుతా. రేపు పరీక్షకు ఎనిమిది నిమిషాలు చాలు. మీకు రెండు.'

"రెండెందుకు? ఒక్క ముక్క చాలదూ?"

'తిట్లు కూడా ఉంటాయి.'

శుక్రవారం ఆమె పాఠం రెండుసార్లు చదివింది. గుమ్మం బయట అతను స్టాప్‌వాచ్ పట్టుకుని, ఎనిమిది అని వేళ్ళు చూపించాడు. అప్పుడు వెనక బెంచీలో ఒక అమ్మాయి భయంభయంగా లేచింది.

"టీచర్, చివరి పేరా మాకు వినబడలేదు."

గొంతు అప్పటికే బొంగురుపోయింది. ఆమె అతని వైపు చూసింది. అతను తల దించుకుని 'చదవండి' అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె చదివింది. పది నిండాయి.

శనివారం పొద్దున్నే నర్సు, "ఇవాళ ఒక్క మాట కూడా వద్దు" అంది. స్ట్రెచర్ కదులుతుంటే వరండా చివర అతను కనిపించాడు. మెడలో విజిల్ లేదు. జవాబు గొంతులోనే ఉండిపోయింది, డాక్టర్ దాన్ని కూడా కోసేస్తాడేమోనని ఆమెకు పిచ్చి భయం వేసింది.

గడ్డ ప్రాణం తీసే రకం కాదని తేలింది. గొంతు మాత్రం పోయింది. పదిహేను రోజుల మౌనం తర్వాత మాట్లాడమంటే గాలి, గరగర తప్ప మరేమీ రాలేదు. ఇక క్లాసులో నిలబడే గొంతు కాదది. లైబ్రరీ చూసుకోమని హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపింది. ఆమె రోజంతా ఏడ్చి, 'ఆయన్ని లోపలికి రానివ్వకు' అని అమ్మకు రాసిచ్చింది.

అతను రోజూ సాయంత్రం వస్తూనే ఉన్నాడు, గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోతూనే ఉన్నాడు. ఒక సాయంత్రం అమ్మకు విసుగొచ్చింది.

"దాని మాట వినీ వినీ నాకు చాలైంది. లోపలికి రా బాబూ. కూర్చో, కాఫీ పెడతాను."

ఆమె గోడ వైపు తిరిగిపోయింది. కాసేపటికి తనే ఇటు తిరిగింది.

"ఎవరు... రమ్మన్నారు మిమ్మల్ని?"

ఎండుటాకు ఈడ్చినట్టుంది ఆ గొంతు. అది విని అతను లేచి పోతాడనుకుంది. అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"తిట్టడం మొదలుపెట్టారు. హమ్మయ్య."

"స్టాప్‌వాచ్... ఏదీ?"

"తేలేదు మేడమ్."

ఆమె ఊపిరి కూడదీసుకుంది.

"శుక్రవారం... జవాబు. అవును."

"ఏంటి మేడమ్? వినబడలేదు."

వినబడింది. అతని చెవులు రెండూ ఎర్రబడ్డాయి. ఆ సంగతి ఆమె చూసింది. అయినా ముందుకు వంగి, అతని చెవి దగ్గర మళ్ళీ చెప్పింది.