ముక్కు వెనక చిల్లు

పొద్దుట్నించీ నిలబడి నిలబడి నా కాళ్లు పీక్కుపోతున్నాయి. ఆఖరి కేసు టీచరమ్మ. తల వంచితే చాలు, ముక్కులోంచి నీళ్లు. జలుబనుకుని అందరూ కషాయాలు తాగించారు. అది మెదడు చుట్టూ ఉండే నీరు. పుర్రె అడుగున చిన్న చిల్లు పడింది. ఒకసారి మూశాను, మళ్లీ కారింది. ఈసారీ నిలవకపోతే ఆ దారినే క్రిములు మెదడుకెక్కుతాయి, మనిషి దక్కదు. ఆమె భర్త బయట బెంచీ మీద కూర్చుని, కనిపించని దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు.

"ఈసారైనా కుట్లు వెయ్యకండి డాక్టరుగారూ" అంది టీచరమ్మ.

అంత లోపల కుట్లు ఎవరూ వెయ్యలేరనీ, తొడలోంచి తీసిన పొర పరిచి జిగురు పెట్టడమేననీ చెప్పాను. ఆమె గొంతు తగ్గించింది.

"మరి పోయినసారి ఇంటికెళ్లాక కూడా సూది గుచ్చుకుంటూనే ఉందే..."

మత్తు డాక్టర్ని అందరం నిద్రమామ అంటాం. కలలకి తన పూచీ లేదని నవ్వుతూ ఆమెను నిద్రపుచ్చాడు.

లైట్లు ఆర్పించాను. ఈ పనికి తెర వెలుగే చాలు. స్పిరిట్ వాసన, మెషీన్ల కూత. కెమెరా గొట్టం ముక్కులోంచి పైకి పోనిచ్చాను. చిల్లు ఉంది. పాత పొర పోగు కూడా మిగల్లేదు. వెతికే ఓపిక లేక కొత్తది పరిచి జిగురు పెట్టాను. ఇంకా కారుతుందేమో చూడ్డానికి నిద్రమామ ఆమె ఊపిరి బిగబట్టించాడు. ఒక్క చుక్క కూడా ఊరలేదు. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడు పొర అంచు కదిలింది.

గుండె కొట్టుకుంటే మెదడూ కదులుతుంది, అది మామూలే. ఇది అలా లేదు. అంచు ఒకచోట లోపలికి దిగింది... లేచింది. దాని పక్కన మరోచోట... ఆ పక్కన ఇంకోచోట...

"మామా, చూస్తున్నారా?"

"చూడ్డం లేదు" అన్నాడు గుసగుసగా. "నువ్వూ చూడకు అమ్మాయ్. కారడం ఆగింది కదా. బయటికొచ్చెయ్."

పొర పీకి చూడాలనుంది. పీకితే మళ్లీ కారుతుంది, టీచరమ్మ పోతుంది. పీకలేదు. కెమెరా మాత్రం ఇంకాస్త దగ్గరికి జరిపాను.

అంచు చుట్టూ కుట్లు... సన్నగా, వరసగా, చెయ్యి తిరిగినవాళ్లు వేసినట్టు.

ముడి కోసం అంతా వెతికాను.

ముడి ఇటువైపు లేదు.