కింద నుంచి కాసిన ఎండ

"ఏ ఎండండీ, కింద నుంచి కూడా కాసేది?"

నర్సు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి వినోద్ కుమార్ దొరికిపోయాడు. తెనాలిలో చర్మం డాక్టరుగారి ఆసుపత్రి, డ్రెస్సింగ్ గదిలో బల్ల మీద చొక్కా విప్పుకుని కూర్చున్నాడు. ముఖం, వీపు, పొట్ట అంతా ఉడికిన పీత రంగు. కళ్ళ చుట్టూ మాత్రం రెండు తెల్లటి చక్రాలు.

"అదే చెప్తున్నానుగా. దుగ్గిరాలలో మా మావయ్య పసుపు ఆరబోస్తుంటే సాయం చేశాను."

"ముసురు పట్టి వారమైంది. ఇప్పుడు పసుపు ఆరబోశారా?"

కిటికీ బయట వాన ధారగా కురుస్తోంది. వినోద్ దాన్ని అప్పుడే చూసినట్టు ముఖం పెట్టాడు. అబద్ధం ఆడేవాడికి కనీసం ఆకాశం చూసుకునే తెలివైనా ఉండాలి కదా!

"పోనీ వీపు కాలిందంటే నమ్ముతాను. పొట్ట కూడా అంతే కాలింది. బోర్లా కాసేపు, వెల్లకిలా కాసేపు పొర్లారా ఏంటి?"

మాస్కు పైన రెండు పెద్ద కళ్ళు, వాటి నిండా నవ్వు. ఒళ్ళంతా మండుతున్నా ఆ కళ్ళు బావున్నాయనిపించింది వినోద్‌కి. ఎక్కడో చూసినట్టు కూడా అనిపించింది.

సరిగ్గా అప్పుడే వినోద్ ఫోన్ మోగింది. వేళ్ళ నిండా మందు. మోచేత్తో నొక్కితే స్పీకర్ ఆన్ అయింది.

"ఒరే వినోదూ, కొంప మునిగిందిరా!" జిమ్ ఓనరు మధుబాబు గొంతు గదంతా మోగింది. "నేను వీడియోల్లో చూసింది ఇళ్ళల్లో వాడుకునే ట్యానింగ్ బెడ్డంట. దానికి పవర్ తక్కువంట, అరగంట పడుకున్నా ఏం కాదంట. మనం కొన్నది షాపుల్లో పెట్టేదిరా! లైట్లెక్కువ, పవరెక్కువ. ఐదారు నిమిషాలకే లేపేస్తారంట, పక్కన మనిషిని పెట్టి మరీ! నేనేమో మూతేసి టీకి పోయాను. ఒరే, ఉన్నావా?"

"ఉన్నాను. పెట్టేయ్."

తలకొట్టేసినట్టయింది వినోద్‌కి. ఇక దాచేదేముంది? నేల చూపులు చూస్తూ నిజం చెప్పాడు. అతను మధుబాబు జిమ్‌లో ట్రైనరు. రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చిపోతాడు. వచ్చే ఆదివారం బాపట్లలో బాడీబిల్డింగ్ పోటీ. తెల్లటి ఒంటి మీద స్టేజీ లైట్లు పడితే కండలు కనపడవనీ, నల్లబడితేనే కప్పు వస్తుందనీ మధుబాబు లెక్క. విజయవాడలో మూసేసిన సెలూన్ నుంచి, పడుకుంటే ఒళ్ళు నల్లబడే ఆ లైట్ల పెట్టె కొనుక్కొచ్చాడు. పైనా కిందా నీలం లైట్లు, ఇడ్లీ పాత్రలా మూత, కళ్ళకి పెట్టుకోడానికి నల్లద్దాలు.

నర్సు చేతిలో దూది ఆగిపోయింది.

"అంటే మీరు డబ్బులిచ్చి నల్లబడదామనుకున్నారా?"

"స్టేజీ కోసమండి."

ఆమె మాస్కు కిందికి లాగింది. ఇప్పుడు కళ్ళలో నవ్వు లేదు.

"నేను మనీషానండి. మాది సంగం జాగర్లమూడి. రెండేళ్ళ కిందట పెళ్ళిచూపులకని మా ఇంటికొచ్చారు. మీ అమ్మగారు మా నాన్న ముందే అన్నారు, 'పిల్ల బంగారమే, రంగే కాస్త…' అని. మా నాన్న మీ వైపు చూశారు. మీరు గులాబ్‌జామ్ తింటున్నారు."

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది వినోద్‌కి. ఆ రోజు ఆ పిల్ల అతనికి నచ్చింది. నచ్చిందని ఒక్క ముక్క అనడానికి భయపడి, నోట్లో గులాబ్‌జామ్ పెట్టుకున్నాడు. ఆ రుచి కూడా గుర్తుంది, సిగ్గులేని నాలుక!

"సారీ అండి," అన్నాడు.

"నాకెందుకండీ? ఆ మాటకి తల దించుకున్నది మా నాన్న. ఇటు తిరగండి, వీపు చూడాలి."

చేయి మాత్రం మెత్తగానే పడింది. అదే అతన్ని ఇంకా చంపేసింది. తిడితే బాగుండేది.

ఆ వారమంతా డ్రెస్సింగ్‌కి వెళ్ళాడు. మందు రాయించుకున్నాడు, మాటలు పడ్డాడు. "పీతగారొచ్చారు" అని ఆమె అంటే సిగ్గుపడుతూనే సంతోషించాడు. చివరి రోజు తలుపు దగ్గర నిలబడిపోయాడు.

"మళ్ళీ మీ ఇంటికి రావచ్చాండి? మా అమ్మతో."

"దేనికి?"

"ఆ రోజు అనాల్సిన మాట అనడానికి."

మనీషా చాలాసేపు దూది సర్దింది. "నాన్న ఆదివారం చర్చి అయ్యాక ఇంట్లోనే ఉంటారు," అంది.

ఆదివారమంటే పోటీ రోజే. వినోద్ బాపట్ల సంగతి ఎత్తనేలేదు. మధుబాబు ఫోన్లో లబోదిబోమన్నా వినలేదు.

రేపల్లెలో టీచరుగా చేస్తున్న తల్లి పుష్పలత విషయం విని నొసలు చిట్లించింది.

"ఆ పిల్లా? రంగు…"

"అమ్మా, ఆ రంగు కోసం నీ కొడుకు లైట్ల పెట్టెలో పడుకుని తోలూడగొట్టుకున్నాడు. ఇంకా రంగంటావేంటి?"

పుష్పలత కొడుకు ముఖం చూసింది. పొరలు పొరలుగా ఊడుతున్న ముక్కు, ఎరుపూ నలుపూ మచ్చలు. బీరువా తీసి మంచి చీర కట్టుకుంది.

సంగం జాగర్లమూడిలో మనీషా నాన్న జకరయ్య వాళ్ళని గుమ్మంలోనే చూశాడు. రండి అన్నాడు గానీ ముఖంలో వెలుగు లేదు. ఎన్నో ఏళ్ళు బెండ, వంగ తోటల్లో ఎండకి మాగిన మనిషి. కుర్చీ వేసి, వినోద్‌ని ఎగాదిగా చూశాడు.

"అబ్బాయి గుణవంతుడే అనుకుంటానమ్మా," అన్నాడు పుష్పలతతో. "రంగే కాస్త…"

పుష్పలత తల వాలిపోయింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట అరగలేదని ఆమెకి అప్పుడు తెలిసింది.

లోపలి నుంచి మనీషా పళ్ళెంతో వచ్చింది. గులాబ్‌జామ్‌లు. వినోద్ అలవాటుగా చేయి చాచాడు. ఆమె పళ్ళెం వెనక్కి తీసుకుంది.

"ఈసారి ముందు మాట్లాడండి. తర్వాత తిందురుగాని."

వినోద్ లేచి నిలబడ్డాడు. ముఖం మంటెక్కింది, ఆ మంటకి ఏ లైటూ కారణం కాదు.

"మావయ్యగారూ, ఆ రోజే మీ అమ్మాయి నాకు నచ్చింది. మా అమ్మ అన్న మాట తప్పని తెలిసీ తింటూ కూర్చున్నాను. మీరు నావైపు చూశారు, నేను చూడలేదు. పిరికివాణ్ణి. మీరు పొమ్మంటే పోతాను. కానీ తప్పు మాదని మీ ముందు చెప్పకుండా మాత్రం పోలేను."

"తప్పు నాది అన్నయ్యగారూ," అంది పుష్పలత తలెత్తకుండానే. "వాడు నా నోటికి భయపడ్డాడు."

జకరయ్య కళ్ళు తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు. "ఏమంటావమ్మా?"

మనీషా వినోద్ ముక్కు మీద ఊడుతున్న పొరని పరీక్షగా చూసింది.

"రంగు కాస్త చూసుకుంటే నయమవుతుంది నాన్నా," అంది. "మాట ఇప్పుడే వచ్చింది."

పళ్ళెం అతని చేతిలో పెట్టింది. వినోద్ మొదటి గులాబ్‌జామ్ తీసి జకరయ్యకి ఇచ్చాడు.