హాస్టల్లో చుక్కమ్మ

పొద్దున లేవగానే ఆదెప్ప చెయ్యి అలవాటుగా వంటింటి గడప దగ్గరి బకెట్టు మీదికి పోయింది. రాత్రి నానేసిన ఉలవలు అందులో ఉండాలి. పదకొండేళ్ళుగా ఉంటున్నాయి. ఇవాళ బకెట్టు కడిగి బోర్లించి ఉంది. ఉలవలేమో పొయ్యి మీద, ఎండుమిరపకాయల పోపులో వేగుతున్నాయి.

"మనుషులు గూడా తింటారులే ఉలవలు" అంది భార్య గోవిందమ్మ, ఆయన నోరు తెరవకముందే. "గుగ్గిళ్ళు చేస్తాండాను. కూసో."

ఆయన కూర్చోలేదు. పెరట్లో రేకుల కొట్టం ఖాళీ అయి అది నాలుగో రోజు.

చుక్కమ్మ ఆయన గుర్రం. నుదుట తెల్లచుక్క ఉందని ఆ పేరు. మదనపల్లె బస్టాండు దగ్గర ఆఖరిదాకా జట్కా తోలినవాళ్ళలో ఆదెప్ప ఒకడు. జట్కాలు పోయాక పెళ్ళి ఊరేగింపులకు తీసుకుపోయేవాడు. మోకాళ్ళు మొరాయించి రెండేళ్ళ కింద అదీ మానేశాడు. గుర్రానికీ పని లేదు, ఆయనకూ లేదు. ఉన్న పనంతా గోవిందమ్మదే: గడ్డి, నీళ్ళు, లద్దె ఎత్తడం. కుప్పంలో తమ్ముడి కూతురి పెళ్ళికి పోయి కూడా, గుర్రానికి నీళ్ళు పెట్టాలని సాయంత్రం బస్సుకే తిరిగొచ్చింది. పుట్టింట్లో రాత్రి నిద్ర చేసి ఎన్నేళ్ళయిందో ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆయన వీధిలో చెప్పుకునే గొప్ప ఒకటే. పదకొండేళ్ళలో చుక్కమ్మ ఒక్కరోజు కూడా కింద పడుకోలేదని. జట్కావాళ్ళ దృష్టిలో పడుకున్న గుర్రం పని అయిపోయిన గుర్రం. తనది మాత్రం సిపాయిలా నిలబడే ఉంటుంది. ముందరి మోకాళ్ళ మీద ఎప్పుడూ దెబ్బలుంటే కొట్టంలో బండలు గీసుకుంటున్నాయనుకుని పసుపు రాసేవాడు.

నాలుగు రోజుల కింద ఆయన నిమ్మనపల్లెలో బంధువుల కర్మాంతరానికి పోయాడు. నిన్న రాత్రి తిరిగొచ్చేసరికి కొట్టం ఖాళీ. కూతురు లక్ష్మీప్రియ వ్యాను మాట్లాడి గుర్రాన్ని పుంగనూరు దాటినాక ఉన్న సైమన్ దొడ్లో చేర్చింది. ఆమె పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. సైమన్ అదే పని చేసి రిటైరైనవాడు. నాలుగెకరాలకు కంచె వేసి ఇతరుల గుర్రాలను సాకుతాడు. వేళకు దాణా వేస్తాడు, నాడాలు కొట్టిస్తాడు, ఆరుబయట వదిలి తిప్పుతాడు. సొంతదారులు వారానికోసారి వచ్చి చూసుకుని పోతారు. చుట్టుపక్కల దాన్ని గుర్రాల హాస్టల్ అంటారు. ఆ మాటే ఆదెప్పకు కారం రాసినట్టయింది.

లక్ష్మీప్రియ స్కూటీ తుడుస్తుంటే ఆయన పగ్గం భుజాన వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నేను బతికుండగా నా గుర్రాన్ని హాస్టల్లో యాల పడేస్తివి? కూడు పెట్టలేనోళ్ళు గదా హాస్టల్లో యేసేది."

ఆమె గుడ్డ పిండి ఆరేసింది. తొందరపడలేదు.

"నన్ను పదేండ్లప్పుడు కుప్పం హాస్టల్లో యేసినావు గదా నాయనా. అప్పుడు నువ్వేం చెప్పినావో గుర్తుండాదా? తోటోళ్ళతో ఉంటే బాగుంటావమ్మా అన్నావు."

ఆయన గొంతు తగ్గించి, "నువ్వు ఏడ్సినావు గదమ్మా" అన్నాడు. "గేటు కాడ నిలబడి ఇన్నాను. అందుకే చెప్తాండాను."

"మూడు దినాలు ఏడ్సినా. నాలుగో దినం నిద్రబోయినా. అది సూసేదానికి నువ్వు రాలేదు." ఆమె చూపు దించలేదు. "ఇప్పుడు రా. సూసినాక గూడా తెస్తానంటే నేనే తోలుకొస్తా. సూడకుండా మాత్రం తెచ్చేది లేదు."

"నా గుర్రం, నా ఇష్టం."

"చాకిరీ నాది" అంది లోపలినుంచి గోవిందమ్మ. "అది ఆ కొట్టంలోకి వస్తే నేనీ ఇంట్లో ఉండను. ఈ మాట నవ్వుకుంటా చెప్తాండానని అనుకోవద్దు."

నిజానికి ఆమె నవ్వడం లేదు. ఆదెప్ప పగ్గం సర్దుకుని స్కూటీ వెనక కూర్చున్నాడు. లక్ష్మీప్రియ పుంగనూరు రోడ్డు పట్టింది.

దొడ్డి గేటు తీసేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఆదెప్ప కంచె మీదుగా చూశాడు. ఇసకలో చుక్కమ్మ పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళూ బారజాపి పడి ఉంది. మెడ కూడా నేలకు ఆని ఉంది.

ఆయన మోకాళ్ళ నొప్పి మరిచి పరిగెత్తాడు. "సంపేసినారు గదమ్మా నా తల్లిని" అంటూ కంచె దూరబోతుంటే సైమన్ గబగబా వచ్చి భుజం పట్టి ఆపాడు.

"అరవద్దన్నా. నిద్రపోతాండాది."

చుక్కమ్మ పొట్ట మెల్లగా లేచి దిగుతోంది. చెవి ఒకటి అదిరింది, అంతే. దాని పక్కనే ఒక ముసలి బూడిదరంగు గుర్రం తల వాల్చి నిలబడి ఉంది.

సైమన్ తగ్గు గొంతుతో చెప్పాడు. గుర్రం నిలబడి కునుకు తీస్తుందట. అసలు నిద్రకు మాత్రం పడుకోవాల్సిందే. పక్కన ఇంకొకటి నిలబడి కాపలా ఉంటేనే దానికి పడుకునే ధైర్యం వస్తుంది. మూడు రోజులు ఇది కంచె పట్టుకుని సకిలించింది. ఇవాళ తెల్లారుజామున ఒరిగింది.

"మోకాళ్ళ దెబ్బలు సూసినా" అన్నాడు సైమన్. "నిద్ర ఆపుకోలేక నిలబడినట్టే కూలిపోతాదన్నా. ఆ దెబ్బలవి. నువ్వు సూడనప్పుడు ఎప్పుడన్నా రవ్వంతసేపు పండుకునిందేమోలే."

"లేదు" అన్నాడు ఆదెప్ప. "పండుకోలేదు. నాకు తెలుసు."

ఆయనకు పసుపు రాసిన రోజులన్నీ గుర్తొచ్చాయి. నిద్రకు తూలి పడిన ప్రాణాన్ని చూపించి పదకొండేళ్ళు వీధంతా గొప్పలు చెప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. భుజం మీది పగ్గం తీసి కంచెకు తగిలించాడు.

లక్ష్మీప్రియ ఫోను అడిగి తీసుకుని గోవిందమ్మకు కలిపాడు. అవతల బస్సు హారను మోత.

"యాడుండావు?"

"కుప్పం బస్సులో. ఇంటి బీగం పక్కింటి రెడ్డెమ్మ కాడుండాది. గుర్రాన్ని తెస్తే నీళ్ళు నువ్వే పెట్టుకో."

"గుర్రం రాదులే" అన్నాడు. "నువ్వు గూడా రావద్దు. పది దినాలు ఉండు. కడుపునిండా నిద్రపో."

అటునుంచి బస్సు మోత వినిపించింది. తరవాత, "గుగ్గిళ్ళు డబ్బాలో పెట్టినా. తిను" అంది గోవిందమ్మ.

అప్పుడే పనివాడు గడ్డి వేశాడు. బూడిదరంగు గుర్రం తల ఎత్తి చూసి, మెల్లగా అటు నడిచిపోయింది. చుక్కమ్మ పక్కన ఎవరూ లేరు.

ఆదెప్ప వంగి కంచె దాటాడు. చప్పుడు కాకుండా నడిచి, దానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. లక్ష్మీప్రియ కుర్చీ తేబోతే చేత్తో వద్దన్నాడు.

"కాళ్ళు నొస్తాయి నాయనా. కూసో."

"ఎవరో ఒగరు నిలబడాల గదమ్మా" అన్నాడు ఆదెప్ప.