వనిత ఇచ్చిన ఐదు స్టార్లు

కుక్కర్ మూత చుట్టూ ఆవిరి బుసబుసా కారిపోతోంది. విజిల్ మాత్రం రావడం లేదు. వనిత స్టవ్ ఆపి, మూత తీసి, నిన్న పార్సిల్లో వచ్చిన గ్యాస్కెట్‌ను వేలితో లాగి చూసింది. పాత లంగా బొందులా వదులుగా వేలాడింది. ‘అసలైన కంపెనీది’ అని రాసుంటే చూసి కొన్నది. పప్పు ఉడకలేదు. భర్త గిరి డ్యూటీకి వెళ్లే వేళయింది.

“మళ్లీ దొంగ సామానేనా?” అంది అత్త రామక్క, వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ. “బజారుకు పోయి తెచ్చుకోనుంటే అయిపోతాండె గదమ్మా! ఆ ఫోన్లో ఏముండాదని?”

“బజార్లో వాళ్లూ ఈ ఫోన్లోనే తెప్పిస్తాండారు అత్తా.”

“అయితే లోకమంతా ఒకే దొంగ చేతిలో ఉండాదన్నమాట,” అంది రామక్క.

ఉన్నమాట చెప్పాలి కదా, ఒకప్పుడు ఆ అమ్మకాల సైటు ఇలా ఉండేది కాదు. పెళ్లైన కొత్తలో వనిత తెప్పించిన మిక్సీ ఈ హిందూపురం ఇంట్లో ఇప్పటికీ తిరుగుతోంది. అప్పట్లో వస్తువు బాగాలేకపోతే మారుమాట లేకుండా వెనక్కి తీసుకెళ్లేవాళ్లు. ఇప్పుడు గ్యాస్కెట్ అని వెతికితే ముందు గరిటెలు చూపిస్తుంది, ఆ తర్వాత చీపుర్లు. ఒకే బొమ్మ, కింద నోరు తిరగని పేర్లు రకరకాలు. ఫిర్యాదు చేద్దామంటే మనిషన్నవాడు దొరకడు. ‘మీ ఓపికకు ధన్యవాదాలు’ అని మాత్రం వస్తుంది, అడక్కపోయినా వస్తుంది. వనిత కోపం తెచ్చుకోవడం కూడా ఎప్పుడో మానేసింది. పాడు వస్తువును అటక మీదకు తోసి, ఇంకోటి ఆర్డర్ పెట్టేది. అంతే.

స్టవ్ పక్కన ఫోను మోగింది. ధర్మవరం నుంచి అన్న కుళ్లాయప్ప.

“వనితా, నాయన పడినాడమ్మా. మగ్గం గుంటలోంచి లేస్తాంటే పడినాడు. తుంటి ఎముక ఇరిగిందంటాండారు. ఆపరేషన్ చేయల్లంట. బిరీన రా.”

“సరే,” అంది వనిత. ఫోను పెట్టేసి, ఉడకని పప్పును గిన్నెలోకి వంచి, మూత పెట్టి, స్టవ్ చుట్టూ తుడిచింది. విషయం చెబితే రామక్క గుండెలు బాదుకుంది. వనిత కంట్లో మాత్రం చుక్క లేదు. గిరి సెలవు పెడతానన్నా “సరే” అంది, చీర మార్చుకోమన్నా “సరే” అంది.

నాయన ఓబుళప్పకు ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గమే లోకం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, కింద పలకలు తొక్కుతూ పట్టుచీరలు నేస్తాడు. ఆ గుంట పక్కనే ఆడుకుంటూ వనిత పెరిగింది. ఈ మధ్య మోకాళ్లు పట్టేసి గుంటలోంచి లేవడమే ఆయనకు పెద్ద పనైపోయింది. “కూసుంటే నేస్తా, లేయాలంటేనే అరుస్తా,” అని తనమీద తనే నవ్వేవాడు. ఇప్పుడు తుంటి విరిగింది. ఆ కాళ్లు మళ్లీ ఆ పలకలు తొక్కుతాయా?

రైలు పెనుకొండలో ఆగినప్పుడు కుళ్లాయప్ప ఫొటో పంపాడు. ‘ఈ దరిద్రమే నాయన్ను పడేసింది’ అని కింద రాశాడు. అది మడిచే చేతికర్ర. నల్లది, కింద నాలుగు రబ్బరు కాళ్లు. మధ్య అతుకు దగ్గర పుటుక్కున విరిగి ఉంది.

వనిత ఫోనును భర్త చేతిలో పెట్టింది. “ఇట్లాంటిదే మన అటక మీద ఉండాది,” అంది.

“అమ్మకని తెప్పించిందా?”

“అదే.”

పోయిన వానాకాలంలో రామక్క కోసం తెప్పించిన కర్ర అది. “నేనేమన్నా ముసిలిదాన్నా? పోయి మీ నాయనకియ్యి!” అని ఆమె దాన్ని ముట్టనైనా ముట్టలేదు. నాయనకే ఇద్దామనుకుంది వనిత. ఇవ్వలేదు, మర్చిపోయింది. కానీ ఆ పార్సిల్లో ఒక చీటీ వచ్చింది. ఫొటో పెట్టి, నాలుగు మంచి మాటలు రాసి, ఐదు స్టార్లు ఇస్తే స్టీలు నీళ్ల సీసా ఉచితం. వనిత కర్రను అత్త మంచానికి ఆనించి ఫొటో తీసింది. ఏం రాయాలో తోచక, తోచింది రాసింది.

‘మా నాయన ధర్మవరంలో చీరలు నేస్తారు. మోకాళ్ల నొప్పులు. ఈ కర్ర పట్టుకొనే మగ్గం గుంటలోంచి సులువుగా లేస్తున్నారు. చాలా బలంగా ఉంది.’

నీళ్ల సీసా వచ్చింది. అది కూడా కారుతుంది.

ఆమె చెప్పిందంతా విని గిరి రైలు కిటికీలోంచి పెనుకొండ కొండ వైపు చూశాడు. “నువ్వు రాసింది చూసే కొన్నాడని ఏముందిలే? వేలమంది రాసింటారు.”

“తెలుగులో రాసింది నేనొక్కదాన్నే. నాయనకు తెలుగు తప్ప ఇంకోటి రాదు.”

“దాంట్లో నీ పేరు ఉందా?”

“లేదు.”

“అయితే నోరు మెదపొద్దు వనితా. మీ అన్న సంగతి తెలుసు కదా. ఇప్పుడు చెప్పి ఎవురికేం మేలు? ఆయన లేసి తిరగనీ, ఆమీద చూద్దాం.”

రైలు కదిలింది. వనిత చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి తనవి కానట్టు చూస్తూ కూర్చుంది. నాయన ముఖం ఎలా చూడాలి? ఆ ఒక్క ఆలోచన తప్ప తలలో ఇంకేమీ లేదు.

ధర్మవరం ఆసుపత్రిలో ఓబుళప్ప గోడవారగా మంచం మీద ఉన్నాడు. కాలు కదలకుండా కట్టారు. పక్కనే స్టూలు మీద అమ్మ శంకరమ్మ.

“వచ్చినావా పాపా? ఏమన్నా తిన్యావా?” అన్నాడు నాయన.

“తిన్యా,” అని అబద్ధం చెప్పింది వనిత. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం!

కిటికీ దగ్గర కుళ్లాయప్ప ఫోనులో అరుస్తున్నాడు. “మనిషి కాలిరిగిందయ్యా అంటే, కర్ర పెట్టె ఉండాదా అని అడుగుతావేమప్పా? పెట్టె ఏం చేసుకోవాల? నెత్తిన పెట్టుకోవాల్నా?” అవతలి గొంతు మెత్తగా, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు వచ్చింది. వాపసు గడువు ముగిసిందట. అమ్మినవాళ్లు వేరట, తాము చూపించేవాళ్లు మాత్రమేనట. మీ ఓపికకు ధన్యవాదాలట.

“ఓపికంట, ఓపిక!” కుళ్లాయప్ప ఫోను మంచం మీద పడేయబోయి, మళ్లీ తెరిచాడు. “వీళ్ల కంటే ముందు ఈ రాసినోళ్లను తన్నల్ల! ఇను బావా, ఎవురో మహాతల్లి రాసింది. ‘ఈ కర్ర పట్టుకొనే మగ్గం గుంటలోంచి సులువుగా లేస్తున్నారు’ అంట! మన ఊరోళ్లే, మన మగ్గాలోళ్లే! వాళ్ల నాయన లేసినాడంట, మా నాయన పడినాడు. దొరికితే కాళ్లు ఇరగ్గొడతా.”

గిరి వనిత మోచేతిని మెల్లగా నొక్కాడు.

“యాదిరా ఆ ఫోను, నన్ను చూడనీ,” అని శంకరమ్మ ఫోను అందుకుంది. ఆమెకు అక్షరాలు రావు, బొమ్మ చూసింది. కర్ర వెనకాల మంచం, మంచం మీద బొంత. పాత చీరల ముక్కలతో తానే కుట్టి, కూతురి వెంట అత్తగారింటికి పంపిన బొంత. ఎర్ర అంచు ఎక్కడ అయిపోయి పచ్చ గుడ్డ అతికిందో ఆమె చేతికి తెలుసు. శంకరమ్మ ముఖం పాలిపోయింది. కూతురి వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

“లోపల పెట్టురా ఫోను,” అంది. “ఎవురో ఏందో రాసుకోనింటారు. పెద్దాయన ముందర ఏం అరుపులు!”

అమ్మ కూడా దాస్తోంది. మొగుడు దాయమన్నాడు, అమ్మ దాస్తోంది. తను నోరు మూసుకుంటే ఇక చాలు, అంతా సర్దుకుంటుంది. వనిత అన్న వైపు తిరిగింది.

“అది రాసింది నేనే అన్నా,” అంది.

కుళ్లాయప్ప వినబడనట్టు చూశాడు. “ఏందీ?”

“నేనే రాసినా. అది మా అత్త మంచం, మన అమ్మ కుట్టిన బొంత. ఆ కర్ర మా ఇంట్లో ఎవురూ పట్టుకోల్యా.”

“పట్టుకోకుండానే బలంగా ఉండాదని రాస్తివా?” అతను చెల్లెలి ముందుకొచ్చాడు. “ఎందుకు రాస్తివే? ఏమిచ్చినారు నీకు?”

“నీళ్ల సీసా.”

“నీళ్ల సీసాకా!” కుళ్లాయప్ప తల పట్టుకున్నాడు. “నాయన తుంటి ఒక నీళ్ల సీసాకా వనితా? సైటోళ్లు దొంగలు, సరే. వాళ్లు ఎవురో ఏమో. నువ్వు మన ఇంటి పిల్లవి గదే!”

ఆ మాట తగిలింది. తగిలిందని తెలుస్తోంది, నొప్పి మాత్రం రావడం లేదు. ఏడిస్తే బాగుండునని అనుకుంటూ నిలబడే ఉంది వనిత.

“అరవొద్దురా కుళ్లాయీ,” అన్నాడు ఓబుళప్ప మంచం మీంచి. “నాకు తెలుసు.”

“ఏం తెలుసు నాయనా?”

“పాప రాసిందని. బొంత చూస్తానే తెలిసె.”

“తెలిసే కొంటివా? మన పాప మంచిదన్నాదని నమ్మితివా?”

“నమ్మేదానికి ఏముండాది?” ఓబుళప్ప కప్పు వైపు చూస్తూ అన్నాడు. “రాసింది నా గురించే. నేను ఆ కర్ర పట్టుకోని లేస్తాండానని. ఆ కర్ర ఎట్లుంటాదో నేను కండ్లతో కూడా చూల్యా. అబద్ధమని నాకుగాక ఇంగెవురికి తెలుస్తాది?” ఊపిరి తీసుకున్నాడు. “అంతమంది చూసే చోట నా బిడ్డ అబద్ధం రాసినట్ల కాకూడదనిపించెరా. నేనే తెప్పిచ్చుకోని, నేనే పట్టుకోని లేస్తే, అది నిజమైపోతాది గదా అనుకుంటి.”

కుళ్లాయప్ప ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“కొన్ని దినాలు నిజంగానే లేస్తి పాపా దాన్ని పట్టుకోని,” అన్నాడు వనిత వైపు తిరిగి. “నీకు ఫోన్ చేసి చెబుదామనుకుంటి. ఆ దినాల్లో నువ్వు రాసింది అబద్ధం కాదు.”

శంకరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కుళ్లాయప్ప చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. వనిత నాయన మంచం కోడు పట్టుకుని అలాగే నిలబడింది. లోపల ఏదో రాయి పెట్టినట్టుంది, అది కరగదు, కదలదు. “ఎంత పని చేస్తివి నాయనా,” అనాలనుకుంది.

తర్వాత వరండాలో కూర్చుని తను రాసింది తీసేసింది. కొత్తగా రాసింది: ‘ఈ కర్ర విరిగి మా నాయన పడ్డారు. దయచేసి ఎవరూ కొనకండి.’ ఒకే ఒక్క స్టారు ఇచ్చింది. కాసేపటికి జవాబు వచ్చింది. ఆమె రివ్యూ వాళ్ల నియమాలకు తగినట్టు లేదట, అందుకని పెట్టలేరట. అబద్ధం రాసినప్పుడు ఏ నియమమూ అడ్డం రాలేదు! ఆ కిందే ఇంకో ప్రశ్న: ‘మా సేవ మీకు నచ్చిందా? ఐదు స్టార్లు ఇవ్వండి.’ వనిత ఫోను బోర్లా పెట్టేసింది.

కుళ్లాయప్ప తిరిగొచ్చాడు. చేతిలో టీ గ్లాసులు. ఒకటి చెల్లెలి పక్కన బెంచీ మీద పెట్టి, తనూ కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

“తాగు. పొద్దున్నుంచి ఏం తినలేదని నాకు తెలుసులే,” అన్నాడు ఎటో చూస్తూ.

ఆపరేషన్ బాగానే జరిగింది. మరుసటి రోజు నర్సమ్మ వచ్చి, పెద్దాయన్ను నిలబెట్టాలని, వాకర్ ఉంటే తెమ్మని చెప్పింది. “ఆన్‌లైన్లో…” అనబోయి కుళ్లాయప్ప నాలుక కరుచుకున్నాడు. “పోయి చేత్తో ఒత్తి చూసి తెస్తా,” అని గిరిని తీసుకుని బజారుకు పరుగెత్తాడు.

“వాళ్లు వచ్చేలోగా ఒకసారి లేపుదాం. ఎవరైనా అటు పట్టుకోండమ్మా,” అంది నర్సమ్మ.

వనిత మంచం పక్కన వంగి, భుజం నాయన చేతి కిందికి పెట్టింది. ఓబుళప్ప పళ్లు బిగించి, నేసీ నేసీ మొద్దుబారిన వేళ్లతో ఆ భుజాన్ని పట్టుకుని లేచాడు. ఒంటి బరువంతా ఒక్కసారిగా కూతురి మీద పడింది. భుజం ఎముక కలుక్కుమంది. ఫోను మోగిన పొద్దున్నుంచి వనితకు తెలిసిన మొదటి నొప్పి అదే.

“బరువు పడతాండానా పాపా?”

“పడనీ నాయనా. నేను ఇరగను.”

ఓబుళప్ప నిలబడ్డాడు. కాళ్లు వణుకుతున్నాయి, నిలబడ్డాడు. చెమటలు కారుతున్న ముఖంతో కూతుర్ని చూసి నవ్వాడు.

“ఇప్పుడు రాయి పాపా, మా నాయన లేసినాడని.”

వనితకు అప్పుడు ఏడుపొచ్చింది. నాయన చొక్కాకు ముఖం ఆనించి, ఆయన్ను వదలకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.