జోనీ ఉండే ఇల్లు

ఎన్నికల రోజు ఉదయం కుబాలెక్ వారింట్లో కాఫీ కప్పుల్లో పడకముందే పేచీ మొదలైంది. ఇంటి ముందు గడ్డిలో మిలో పాతిన "సెంటు పన్ను వద్దు" బోర్డు పక్కన, తెల్లారేసరికి "సెంటు పన్నుకు సరే" అనే బోర్డు మొలిచింది. ఎవరి పనో ఎవరూ చెప్పక్కర్లేదు. "సరే" పక్షం ప్రచారమంతా నెత్తినేసుకుని తిరుగుతున్నది ఆయన కూతురు జోనీయే.

ఊళ్లో ఏం కొన్నా డాలరుకో సెంటు అదనంగా పన్ను వేసి, ఆ డబ్బుతో రైలు పట్టాలకు అవతల రెండో అంబులెన్సు కేంద్రం కట్టాలా వద్దా అన్నదే ఆ రోజు ఓటు. ఉన్న ఒక్క కేంద్రమూ ఇవతలే ఉంది. గూడ్సు బండి వచ్చి నిలిచిందా, అవతలి సగం ఊరి సంగతి దేవుడెరుగు. మిలో సోఫాల షాపేమో ఊరి చివర రోడ్డు మీద ఉంది. ఆ రోడ్డు దాటితే పక్క ఊరు, అక్కడ ఈ పన్ను గొడవ లేదు.

"నా గడ్డిలో నీ బోర్డేంటి?" అన్నాడు మిలో, జామ్ నింపిన కొలాచె బన్ను తుంచుతూ.

"అమ్మ పెట్టుకోమంది."

"నన్ను మధ్యలోకి లాగకండి," అంది డార్లీన్ గుడ్లు వేయిస్తూ. "ఆ గడ్డి కోసేది నేను. సగం నాది అన్నాను, అంతే."

"రెండువేల డాలర్ల సోఫా మీద ఇంకో ఇరవై వడ్డిస్తే జనం రోడ్డు దాటిపోరూ? ఆ షాపు ఆగిపోతే?"

"అవతల ఎవరికైనా గుండె ఆగిపోతే, నాన్నా?"

"షాపు ఆగితే నాకు ఆగదా?"

"అన్నీ నీ షాపు చుట్టూనే తిరగాలి."

మిలోకి ఎక్కడో కాలింది. "నా ఇంట్లో ఉంటూ నా షాపు మూయించడానికి తిరుగుతున్నావు. విడాకులు తీసుకుని పెట్టెలతో దిగినప్పుడు ఒక్క మాటన్నానా?"

ఆ మాట ఇన్నాళ్లూ అనలేదు. ఇప్పుడు అననే అన్నాడు. జోనీ ముఖం పాలిపోయింది.

"అంటే ఇది నా ఇల్లు కాదన్నమాట."

"కాదు," అనేశాడు మిలో. అని నాలుక కరుచుకున్నాడు గానీ, వీధి తలుపు అప్పటికే ధడాలున మూసుకుంది.

ఆ రోజంతా జోనీ కారు నిలిచింది లేదు. నడవలేని ముసలివాళ్లను, పక్కింటివాళ్లను, ఎదురింటివాళ్లను చర్చి హాలుకు తెచ్చి ఓటేయించింది. చివరికి, తలుపులు మూసే వేళ దగ్గరపడ్డాక, తన ఓటు కోసం పరుగున వచ్చింది.

ఓటింగు బల్ల దగ్గర కూర్చున్న ఎన్నికల ఉద్యోగి వర్లా ఓటర్ల జాబితా అంతా వెతికింది. "నీ పేరు ఇక్కడ లేదు జోనీ. పెళ్లయి వెళ్లిన ఊళ్లోనే ఉండిపోయింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఊరందరినీ తరిమి ఓటేయించిన మనిషి తన చిరునామా మార్చుకోవడమే మరిచిపోయింది.

"ఓటు రోజునైనా ఇక్కడే పేరు రాయించుకోవచ్చు. ఇక్కడి ఇంటి చిరునామాతో నీ పేరున కరెంటు బిల్లుందా?"

"అన్నీ నాన్న పేరు మీదే ఉన్నాయి."

"ఐతే ఈ వార్డు ఓటరొకరు నువ్వు మీ నాన్న ఇంట్లో ఉంటున్నావని ప్రమాణం చేయాలి."

ఆ సంగతి ఎరిగిన ఇరుగుపొరుగంతా పొద్దున్నే, ఆమె కార్లోనే, ఓటేసి వెళ్లిపోయారు. జోనీ తల్లికి ఫోన్ చేసింది.

"రైలు గేటు దగ్గర ఇరుక్కుపోయానే," అంది డార్లీన్. "గూడ్సు బండి అడ్డంగా నిలబడింది. ఇదీ నీ ప్రచారమే చేస్తోంది. మీ నాన్న అక్కడే ఉంటాడు చూడు."

"ఆయన్ని అడగను."

"నువ్వడక్కు. నేనడుగుతా."

హాలు మూల కాఫీ తాగుతున్న మిలో జేబులో ఫోన్ మోగింది. చొక్కా మీద "నేను ఓటేశాను" బిళ్ల అప్పటికే అంటించుకున్నాడు. విన్నాడు, ఫోన్ జేబులో పెట్టాడు, కప్పు దించాడు, బల్ల దగ్గరికి వచ్చాడు.

"మిలో, సంతకం పెట్టావంటే నీ ఓటు దండగే," అన్నారెవరో.

మిలో అటు చూడలేదు. వర్లా గొంతు సవరించుకుంది. "అబద్ధం చెబితే నేరం. చెప్పండి, ఈమె మీ ఇంట్లో ఉంటోందా?"

"ఉంటోంది."

"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినుంచి. మధ్యలో కొన్నాళ్లు ఊళ్లో లేదంతే."

"అదంతా రాయక్కర్లేదు మిలో."

"మీరు రాయకండి. తనను విననివ్వండి."

జోనీకి కళ్లు మసకబారాయి. "నేనెటు వేస్తానో తెలుసుగా నాన్నా," అంది.

"తెలీకేం. త్వరగా వెయ్యి, తలుపులు మూసేస్తున్నారు."

ఆమె వేసింది. వెనకే తలుపులు మూశారు.

ఇల్లు చేరేసరికి జోనీ ఫోన్ ఆగకుండా మోగుతోంది. "సరే" పక్షం బాగానే గెలిచింది. ఆమె ఒక్క ఓటు లేకపోయినా గెలిచేదే. గంతులేయాల్సిన మనిషి తండ్రి ముఖం చూస్తూ నిలబడిపోయింది.

మిలో గడ్డిలోకి నడిచి రెండు బోర్డులూ పీకి, రెండూ ఒకే చంకలో పెట్టుకున్నాడు.

"షాపు ఎలా నాన్నా?"

"రోడ్డు దాటిపోయేవాళ్లు పోతారు," అన్నాడు మిలో. "నువ్వు ఇల్లు దాటిపోకుంటే చాలు. పొద్దున నేనన్నది తప్పు."

జోనీ ఏడుస్తూ ఆయన భుజం మీద వాలిపోయింది. అప్పుడే రైలు గేటు దాటుకుని వచ్చిన డార్లీన్, కారు దిగి, ఇద్దరినీ బూట్లు తుడుచుకుని లోపలికి రమ్మంది.