తెర పట్టిన చెంగల్వ

నోరు మూసుకోవడం చేతకాని రాజ్యం ఒకటుండేది, పిల్లలూ. వాళ్లంతా వాగుడుకాయలని కాదు నేననేది. గద్దవరంలో సేనాపతి మొదలు చాకలి అవ్వ దాకా అందరి నోళ్లూ తెరుచుకుని, కనుగుడ్లు బయటికొచ్చి, కనుబొమలు నుదుటి మీదికెక్కి, అలాగే బిగుసుకుపోయాయి. రెప్ప వాలదు. నిద్ర రాదు. మాట పెగలదు. గంజి గొంతులో పోసుకుని బతకాల్సిందే.

ఇదంతా ఒక ఆట ఆగిపోవడం వల్ల వచ్చింది. ఆ రాజ్యంలో ఏరువాకకు ముందు రాక్షసుడి ఆట ఆడేవారు. అది చూడకుండా ఎవరూ నాగలి పట్టేవారు కాదు. రాక్షస వేషధారి తెర వెనక నుంచి గంతులేస్తూ వచ్చి, సభనంతా హడలగొట్టి, చివరికి అమ్మవారి ఘటం ముందు పడి కిరీటం దించుతాడు. అప్పుడు మంగళహారతి ఇస్తారు. హారతి పట్టేదాకా ఆట ఆపకూడదని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. మేనమామ రాజ్యంలో పెరిగి, కొత్తగా గద్దెనెక్కిన విజయాంకుడికి మాత్రం తెలియదు. పొద్దువాలే వేళ తెర తొలగి, గుగ్గిలం పొగలోంచి కోరలతో వేషం దూకేసరికి ఆయన గుండె ఝల్లుమంది. సింహాసనం మీంచి లేచి, ఆట ఆపమని కేక పెట్టాడు.

మద్దెల ఆగింది. సభలో చూస్తున్నవాళ్ల ముఖాలు ఆ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే ఉండిపోయాయి, రాజుగారి ముఖంతో సహా. వేషం కట్టిన వీరబత్తుడి కిరీటం తలకు అతుక్కుపోయింది. చెక్క కోరలు నిజం కోరలయ్యాయి. అతడు తన చేతులు తానే చూసుకుని బావురుమంటూ అడవిలోకి పారిపోయాడు.

వీరబత్తుడి కూతురు చెంగల్వకు పన్నెండేళ్లు. ఆమె ఆ ఆటలో తెరకు ఒక కొస పట్టేది. తెర పట్టినవాళ్లు వేషం వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకోవాలన్నది కట్టడి. రెండో కొస పట్టిన పెదనాన్న ఓరకంట చూసి బిగుసుకుపోయాడు. చెంగల్వ చూడలేదు గనుక బాగానే ఉంది. కానీ ఇంట్లో ఉయ్యాలలో ఉన్న నెలల చెల్లెలు, ఆట చూసి వచ్చిన తల్లి ఓబులమ్మ ముఖం చూసి కెవ్వుమంది. పాలు పట్టబోతే మెడ తిప్పేసుకుంది. ఆవుపాలు వత్తితో పిండితే ఉమ్మేసింది. ఊళ్లో మరే తల్లి ముఖం మాత్రం మామూలుగా ఉంది గనుక? మర్నాటికి పాపకు ఏడ్చే ఓపిక కూడా పోయింది. చెంగల్వ తెరను మడిచి భుజాన వేసుకుని అడవి దారి పట్టింది.

మొదట ఒంటికాలి మీద తపస్సు చేసే ముని కనిపించాడు. ఆమె సంగతి చెప్పగానే ఆయన దిగ్భ్రాంతితో రెండో కాలు కూడా కింద పెట్టేశాడు.

"హారతి ఇవ్వకుండా లేచారా! తల్లీ, ఆగినచోటే ఆట సాగాలి. లేచినవాడే కూర్చుని చివరిదాకా చూడాలి. మీ నాయన నిన్ను గుర్తుపట్టడు. అయినా తెర ఎత్తితే వేషం రాక మానదు. ఒక్కదానివే తెర ఎలా పడతావు?"

చెంగల్వ దండం పెట్టి ముందుకు సాగింది. ఇంకాస్త దూరం పోగా పొదలోంచి ఒక ఎలుగుబంటి లేచి దారికడ్డంగా నిలబడింది. చెంగల్వ తెరను గుండెకు హత్తుకుంది.

"ఏటా కొండ మీంచి మీ ఆట చూస్తాను. ఈసారి మధ్యలో ఆపేశారేం? ఆ రాక్షసుడు కిరీటం దించాడా లేదా, అది చెప్పి కదులు," అంది ఎలుగు.

భయంలోనూ చెంగల్వకు నవ్వొచ్చింది. "దించలేదు. ఈ కొస పట్టుకుంటే దించుతాడు," అంది.

వీరబత్తుడు జలపాతం దగ్గర మద్దిచెట్లు పెళ్లగిస్తున్నాడు. నాన్నా అని పిలిచిన కూతురి మీదికి బండ ఎత్తాడు. ఆ కళ్లలో తను ఎక్కడా లేకపోవడం చూసి చెంగల్వ నిలువునా కొయ్యబారిపోయింది. అయినా ఇంటి దగ్గర పాప గుర్తొచ్చి తెర విప్పింది. ఎలుగు రెండో కొస నోట కరిచింది. చెంగల్వ ప్రవేశపు పాట ఎత్తుకుంది. బండ కిందపడింది. రాక్షసుడి కాలిగజ్జె ఒకసారి ఘల్లుమంది, మళ్లీ ఘల్లుమంది. అతడు తెర వెనక్కి వచ్చి నిలిచాడు. అలా పాడుతూ, ఆడిస్తూ, అడవంతా వెనక్కి నడిచి ఊరు చేరారు. ఎలుగును చూసి ద్వారపాలకులు అంతకంటే నోరు తెరవలేకపోయారు.

సభ మళ్లీ కూడింది. మద్దెల మోగి తెర కదలగానే విజయాంకుడు లేవబోయాడు.

"మీరు లేస్తే మా చెల్లెలు బతకదు. కూర్చోండి రాజా," అంది చెంగల్వ, తల పక్కకు తిప్పుకునే.

రాజు సింహాసనాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. గడగడ వణికాడు గానీ లేవలేదు. రాక్షసుడు ఆడి ఆడి ఘటం ముందు బోర్లా పడ్డాడు. కిరీటం ఊడి దొర్లింది. ఓబులమ్మ హారతి ఎత్తింది. ఊరంతా ఒక్కసారి రెప్ప వేసింది. వీరబత్తుడు రంగు కారుతున్న ముఖంతో కూతురిని పేరుపెట్టి పిలిచాడు. పాప తల్లి ముఖం చాలాసేపు పరీక్షగా చూసి, పాలకు నోరందించింది.

మరుసటేడు ఏరువాకకు విజయాంకుడే వచ్చి తెర కొస అడిగి పట్టుకున్నాడు. బుద్ధిగా తల పక్కకు తిప్పుకున్నాడు కూడా. చెంగల్వ మొదటిసారి సభలో, చెల్లెలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెర తొలగింది. పొగలోంచి నాన్న దూకాడు. చెంగల్వ నోరు తెరుచుకుంది, కళ్లు విప్పారాయి, కనుబొమలు నుదుటి మీదికెక్కాయి. పాప అక్క ముఖంలోకి చూసి కిలకిల నవ్వింది.