వరుసలో లేని తోట

చోడవరం పోలీస్ స్టేషన్‌కి రకరకాల ఫిర్యాదులొస్తాయి. గేదె పోయిందంటారు. బైక్ పోయిందంటారు. చెరకు తోట పోయిందని మాత్రం మొన్నటిదాకా ఎవరూ రాలేదు.

తోట బుచ్చయ్యపేట రోడ్డులో నిలబడే ఉంది. పోయింది కంప్యూటర్లోంచి.

ఫిర్యాది గౌరీశంకర్. ఊరి బయట ఓ ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో రైతుల చెరకు వ్యవహారాలు చూసే కేన్ మేనేజర్. తన చెరకు ఏటా అందరికంటే ముందు నాటించి, అందరికంటే ముందు కొట్టించుకునే మనిషి. ఎవరి తోట ఎప్పుడు కొట్టాలో ఫ్యాక్టరీ కంప్యూటర్ ప్రోగ్రాం రోజూ ఇచ్చే కటింగ్ ఆర్డర్ ఈసారి ఆయనకి రాలేదు. చెరకు ముదిరి, ఎండి, బెండయిపోయింది.

ప్రోగ్రాం రాసిన దిలీప్ పనేనన్నాడు. నలుగురిలో తను తిట్టినందుకు ఉద్యోగం మానేసి, పోతూపోతూ కసి తీర్చుకున్నాడన్నాడు.

ఎస్.ఐ. దుర్గాదేవి దిలీప్‌ని విశాఖలోని కొత్త ఆఫీసు నుంచి తీసుకొచ్చింది. మోటివ్ ఉంది. ఆ ప్రోగ్రాం తెలిసినవాడు అతనొక్కడే. సాయంత్రం రిమాండ్‌కి పంపితే కొత్త ఉద్యోగం గోవిందా.

ప్రోగ్రాం ప్రింటవుట్ అతని ముందు పెట్టింది. దిలీప్ చూశాడు. ఒక లైను దగ్గర వేలు ఆపాడు.

"ఇది నేను రాసినట్టు లేదు మేడమ్."

"అర్థమయ్యేలా చెప్పు."

"ఇది ఎరే లాంగ్వేజ్. పట్టిక మొత్తాన్ని ఒక్కసారే పట్టుకుంటాది. ఫంక్షన్ అంటే ఒక పని చేసే ముక్క. దానికి మామూలుగా డేటా ఇస్తాం. ఈ రెండు ఫంక్షన్ల నడుమ గుర్తుంది చూడండి, ఆపరేటర్ అంటారు, దానికి మాత్రం ఫంక్షన్లే ఇస్తాం. రెండిట్నీ అతికించి కొత్త ఫంక్షన్ చేస్తాది."

"ఆ రెండూ ఏం చేస్తాయి?"

"ఒకటి పట్టికలో పై వరుస తీసేస్తాది. అక్కడ హెడ్డింగ్ ఉంటాది కదా. రెండోది ముదురు తోట పైన, లేత తోట కింద పేరుస్తాది. ముందు హెడ్డింగ్ తియ్యాల. తర్వాత పేర్చాల."

దుర్గాదేవి చదివింది. ఎడమవైపు తీసేది. కుడివైపు పేర్చేది. సరిగానే ఉందంది.

"కుడివైపుదే ముందు నడుస్తాది మేడమ్. ఎవరో అటూ ఇటూ మార్చేరు. ఇప్పుడు ముందు పేరుస్తంది. పైకొచ్చిన తోటని తీసేస్తంది."

రేపటికి ఆ తోట ఇంకా ముదురుతుంది. మళ్లీ పైకొస్తుంది. మళ్లీ పోతుంది. ఎంత ఎండితే అంత ఖాయంగా పోతుంది.

"మరి హెడ్డింగ్?"

"దానికి వయసు లేదు. రైతు పేరు లేని వరుసగా అట్టడుగున పడుంటాది."

దుర్గాదేవి చప్పున లేచింది. పొద్దున విచారణకి వెళ్లినప్పుడు ఫ్యాక్టరీ నోటీస్ బోర్డు మీద కటింగ్ ఆర్డర్ కాగితాలు చూసింది. అన్నిటికీ అడుగు అంచు కత్తెరతో కోసేసి ఉంది. అప్పుడు పట్టించుకోలేదు.

దిలీప్‌ని జీపెక్కించుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. గౌరీశంకర్‌ని, రెజీనాని పిలిచింది. రెజీనా దేవరాపల్లి అమ్మాయి. రోజూ ప్రోగ్రాం నడిపి, ప్రింట్ తీసి బోర్డుకి అంటించే ఆపరేటర్. బటన్ నొక్కడం తప్ప తనకేమీ తెలీదని పొద్దునే చెప్పింది.

దుర్గాదేవి ఆ లైను గౌరీశంకర్‌కి చూపించి, అర్థాలు చెప్పి, తప్పెక్కడో చెప్పమంది. ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. ముందు హెడ్డింగ్ తీస్తోంది, తర్వాత పేరుస్తోంది, లైను భేషుగ్గా ఉందని తేల్చేశాడు.

రెజీనా పెదవి చివర నవ్వు కదిలింది.

"ఎందుకు నవ్వావు?" అంది దుర్గాదేవి.

రెజీనా నవ్వు ఆపుకుంది.

"ఆయన తప్పు చదివాడని నీకెలా తెలుసు? అడుగున పేరు లేని వరుస పడుతుందని తెలిసినవాళ్లకే దాన్ని దాచడానికి కత్తెరతో పని. దిలీప్ వెళ్లిపోయాక ఆ కాగితాలు అంటించింది నువ్వే."

రెజీనా తల దించలేదు. దిలీప్ పక్కన కూచుని చూసి నేర్చుకున్నానంది. లైను మార్చింది తానేనంది.

"ఎందుకు?"

"నేను సాల్మన్ కూతుర్ని మేడమ్."

"ఏ సాల్మన్?" అన్నాడు గౌరీశంకర్.

దుర్గాదేవికి ఆ కేసు గుర్తుంది. సాల్మన్ నిరుడు ఎండిపోయిన తన చెరకు తోటలోనే పురుగుమందు తాగి చనిపోయాడు. అప్పటికి కంప్యూటర్ లేదు. ఆర్డర్లన్నీ గౌరీశంకర్ చేతిలోనే ఉండేవి. సాల్మన్ ఆర్డర్ పక్కనపెట్టి తనవాళ్లకి ఇచ్చుకున్నాడు. గొడవయ్యాకే ఫ్యాక్టరీ ఈ ప్రోగ్రాం తెచ్చింది.

"మా నాన్న రోజూ మీ గుమ్మంలో నిలబడేవోడు," అంది రెజీనా. "మీరు మొకం సూడకుండా రేపు అనేవోరు. అలాగే మీరూ రేపు రేపు అనుకుంటా ఎండాలని సేసేను. ఇప్పుడు అడిగినా మళ్లీ సేస్తాను." దిలీప్ వైపు తిరిగింది. "నీకు సంకెళ్లు పడితే మాత్రం నేనే వచ్చి సెప్పేదాన్ని."

దిలీప్ నమ్మాడో లేదో గాని, తలూపాడు. దుర్గాదేవి అతన్ని వెళ్లిపొమ్మంది. రెజీనాని జీపెక్కించింది.

గౌరీశంకర్ వెంటే వచ్చి ఆ పిల్లకి ఎన్నేళ్ల శిక్ష పడుతుందని ఆరా తీశాడు. గొంతులో సంతోషం దాగలేదు.

దుర్గాదేవి జీపు వెనక తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది.

"మీరూ ఎక్కండి. సాల్మన్ కేసు మళ్లీ తెరిపిస్తున్నాను. ఈ అమ్మాయే మొదటి సాక్షి. ఏ సాల్మనో దారిలో గుర్తు చేస్తుంది."

ఖాళీ ఉన్నది రెజీనా ఎదురుగానే. గౌరీశంకర్ అక్కడే కూచున్నాడు.